పుట్టినప్పటి బరువు, పెద్దయ్యాక గుండె: ఒక వైద్య భావన చరిత్ర

వ్యాససంగ్రహం

తక్కువ బరువుతో పుట్టిన శిశువుకు నడివయసులో గుండెజబ్బు, మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువన్న భావన వైద్యశాస్త్రంలో స్థిరపడి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. ఆ భావన ఇంగ్లండులోని పాత దస్తరాల నుంచి పుట్టి, మైసూరు, పుణె, హైదరాబాదు పరిశోధనల ద్వారా ఎలా మారిందో కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. జనన బరువు ఒక సూచిక మాత్రమేననీ, అసలు విషయం తల్లి జీవన పరిస్థితులనీ దక్షిణాసియా ఆధారాలు తేటతెల్లం చేశాయన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: జనన బరువు, హృద్రోగం, గర్భస్థ పోషణ, మైసూరు, పుణె, హైదరాబాదు, తల్లి ఆరోగ్యం.

1. ఉపోద్ఘాతం

పురుడు వచ్చిన ఇంటివారిని బంధువులు అడిగే ప్రశ్నలు మూడు: ఆడపిల్లా మగపిల్లాడా, తల్లీబిడ్డా క్షేమమేనా, బరువెంత? మొదటి రెండూ ఎంత పాతవో చెప్పలేం. మూడోది మాత్రం వయసులో చిన్నది. మంత్రసాని చేతుల మీదుగా ఇంట్లోనే కాన్పులు జరిగిన కాలంలో బిడ్డ "పుష్టిగా ఉంది", "సన్నగా ఉంది" అనేవారే గాని, అంకెతో చెప్పే ఆచారం లేదు. ఆసుపత్రి, తక్కెడ, రిజిస్టరు వచ్చాకే ఆ అంకె పుట్టింది.

అంకె పుట్టిన తొలినాళ్లలో దాని ప్రయోజనం ఒక్కటే: బిడ్డ బతుకుతుందా లేదా అని అంచనా వేయడం. అదే అంకె, యాభై అరవై ఏళ్ల తరువాత ఆ మనిషి గుండె ఎలా ఉంటుందో కూడా కొంతవరకు చెప్పగలదని ఇరవయ్యో శతాబ్దం చివరి పాదంలో కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. గుండెజబ్బు నడివయసు అలవాట్ల వల్ల, కొవ్వు తిండి వల్ల, పొగతాగడం వల్ల వచ్చేదన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలమది. గుండెజబ్బును సంపన్నుల వ్యాధిగా భావిస్తున్న రోజుల్లో దాని మూలాన్ని పేద తల్లి గర్భంలో వెతకడం చిన్న మార్పు కాదు.

2. 2500 గ్రాముల గీత

తక్కువ బరువుకు హద్దుగా 2500 గ్రాములను నిర్ణయించిన ఘనత ఫిన్లండు దేశపు శిశువైద్యుడు ఆర్వో యుల్పోకు దక్కుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో ఆయన సూచించిన ఈ హద్దును 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీకరించింది. అయితే అప్పట్లో ఆ గీతకు దిగువన ఉన్న శిశువులందరినీ నెలలు నిండకుండా పుట్టినవారిగానే లెక్కించారు. ఇది ఒక ప్రధాన లోపం. నెలలు నిండకపోవడం వేరు, నెలలు నిండినా గర్భంలో ఎదగకపోవడం వేరు. 1961లో ఆ సంస్థ నిపుణుల సంఘం ఈ రెంటినీ వేరుచేసి, బరువు ఆధారంగా చెప్పేటప్పుడు "తక్కువ జనన బరువు" అనే మాటనే వాడాలని సూచించింది. 1963లో అమెరికాలోని డెన్వర్ నగరంలో లూలా లుబ్చెంకో బృందం ఏ వారానికి ఎంత బరువు ఉండాలో చూపే రేఖాపటాలను ప్రచురించడంతో ఆ తేడాను కొలిచే వీలు కలిగింది.

ఈ విభజన మన దేశానికి ఎక్కువగా వర్తిస్తుంది. మన దగ్గర తక్కువ బరువుతో పుట్టే శిశువుల్లో ఎక్కువమంది నెలలు నిండినవారే. వారికి దొరకనిది గర్భంలో పోషణ. 2015-16, 2019-21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు రెండింటిలోనూ, బరువు నమోదైన శిశువుల్లో సుమారు 18 శాతం మంది ఈ గీతకు దిగువనే ఉన్నారు.

3. హెర్ట్‌ఫర్డ్‌షైర్ దస్తరాలు

దక్షిణాఫ్రికాలో 1899-1902 మధ్య జరిగిన బోయర్ యుద్ధానికి సైనికులను చేర్చుకునేటప్పుడు ఇంగ్లండు ప్రభుత్వానికి ఒక చేదు నిజం తెలిసింది. వచ్చిన యువకుల్లో చాలామంది శారీరకంగా సైన్యానికి పనికిరానివారు. దీనిపై విచారించిన సంఘం 1904లో నివేదిక ఇచ్చింది. శిశు సంక్షేమం ప్రభుత్వ బాధ్యతన్న ఆలోచన బలపడింది. ఆ నేపథ్యంలోనే హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే అధికారిణి మంత్రసానులకూ, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య సందర్శకులకూ శిక్షణ ఇచ్చి, 1911 నుంచి ప్రతి బిడ్డ వివరాలూ రాయించారు. పుట్టినప్పటి బరువు, తల్లిపాలా సీసాపాలా, ఏడాది నిండాక బరువు అన్నీ ఆ దస్తరాలలో ఉన్నాయి. ఆ స్త్రీలు రాసింది అప్పటి పిల్లల్ని బతికించుకోవడానికి. డెబ్బై ఏళ్ల తరువాత వాటిని ఎవరో తిరగేస్తారని వారు ఊహించి ఉండరు.

తిరగేసినవాడు డేవిడ్ బార్కర్ (1938-2013). సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో వ్యాధి విస్తరణ శాస్త్ర పరిశోధకుడు. అయితే ఈ దారిలో మొదటి అడుగు ఆయనది కాదు. 1934లోనే కెర్మాక్ బృందం, ఒక తరం ఆయుష్షును ఆ తరం బాల్యపు పరిస్థితులే ఎక్కువగా నిర్ణయిస్తాయని మరణాల లెక్కలతో వాదించింది. 1977లో నార్వే వైద్యుడు ఆండర్స్ ఫోర్స్‌డాల్, పూర్వం శిశుమరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలోనే తరువాతి కాలంలో గుండెజబ్బు మరణాలు కూడా ఎక్కువని చూపారు. 1986లో బార్కర్, ఆస్మండ్ కలిసి ఇంగ్లండు, వేల్స్‌లోని 212 ప్రాంతాలను తీసుకుని, 1921-25 నాటి శిశుమరణాల రేటును 1968-78 నాటి గుండెజబ్బు మరణాల రేటుతో పోల్చారు. రెండు పటాలూ దాదాపు ఒకే ఆకారంలో కనిపించాయి.

ప్రాంతాలను పోల్చినంత మాత్రాన వ్యక్తుల గురించి తీర్మానం చేయలేం. అందుకే హెర్ట్‌ఫర్డ్‌షైర్ దస్తరాలు కీలకమయ్యాయి. 1911-1930 మధ్య అక్కడ పుట్టిన 5654 మంది పురుషుల వివరాలతో 1989లో ఫలితాలు వెలువడ్డాయి. జాతీయ సగటు మరణాల రేటును 100గా తీసుకుంటే, ఏడాది వయసులో 18 పౌన్లు (సుమారు 8.2 కిలోలు), అంతకంటే తక్కువ బరువున్నవారిలో గుండెజబ్బు మరణాల రేటు 111; 27 పౌన్లు (సుమారు 12.2 కిలోలు), ఆ పైన ఉన్నవారిలో 42 మాత్రమే. పురుషులనే ఎందుకు తీసుకున్నారన్న ప్రశ్నకు సమాధానం సామాజికమైనది. పెళ్లితో ఇంటిపేరు మారిపోవడం వల్ల స్త్రీల జాడ పట్టుకోవడం కష్టమైంది. తల్లుల గర్భం గురించిన సిద్ధాంతానికి తొలి సాక్షులు పురుషులే కావడానికి కారణం ఇదే.

1992లో నికొలస్ హేల్స్‌తో కలిసి బార్కర్ "పొదుపు దేహం" అనదగిన సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. గర్భంలో పోషణ తగ్గినప్పుడు శిశువు దేహం మెదడును కాపాడుకోవడానికి తక్కిన అవయవాల వాటా తగ్గిస్తుంది. కరువులో బతకడానికి ఆ ఏర్పాటు పనికొస్తుంది. తరువాతి జీవితంలో తిండి సమృద్ధిగా దొరికితే అదే ఏర్పాటు భారమవుతుంది. కరువు కాలాలను తట్టుకునే జన్యువులు కొన్ని జాతుల్లో నిలిచాయని 1962లో జేమ్స్ నీల్ చేసిన ప్రతిపాదనకు ఇది భిన్నం. నీల్ వారసత్వాన్ని చూస్తే, హేల్స్, బార్కర్ తొమ్మిది నెలల పరిస్థితులను చూశారు. జన్యువులను మార్చలేం, పరిస్థితులను మార్చవచ్చు. ఈ సిద్ధాంతానికి రాజకీయ ప్రాధాన్యం వచ్చింది ఇక్కడే.

4. రెండు కరువులు, రెండు జవాబులు

1944-45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న పశ్చిమ హాలండుకు ఆహార సరఫరా ఆగిపోయింది. రోజువారీ రేషను 400-800 క్యాలరీలకు పడిపోయింది. కరువుకు ముందూ తరువాతా ఆ దేశ ప్రజలు తగినంత తిన్నవారే కాబట్టి, గర్భంలో ఏ నెలలో ఆకలి తగిలిందో విడదీసి చూడటం సాధ్యమైంది. గర్భధారణ తొలినెలల్లో ఆకలికి గురైనవారు దాదాపు మామూలు బరువుతోనే పుట్టారు. అయినా పెద్దయ్యాక వారిలోనే గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. అంటే బరువు తగ్గకుండానే హాని జరగవచ్చు.

లెనిన్‌గ్రాడ్ ముట్టడి కాలంలో గర్భస్థులుగా ఉన్నవారిపై 1997లో వెలువడిన అధ్యయనంలో మాత్రం మధుమేహ లక్షణాలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హాలండులో కరువు తరువాత సమృద్ధి త్వరగా వచ్చింది. లెనిన్‌గ్రాడ్‌లో లేమి చాలాకాలం కొనసాగింది. గర్భంలోని లేమి ఒక్కటే కాదు, లేమికీ తరువాతి సమృద్ధికీ మధ్య పొంతన లేకపోవడమే ప్రమాదకరమన్న వివరణ దీనితో బలపడింది. తొలినాళ్లలో బక్కగా ఉండి తరువాత వేగంగా బరువు పెరిగిన పిల్లలకు ముప్పు ఎక్కువని హెల్సింకిలో 1934-44 మధ్య పుట్టినవారిపై జరిగిన పరిశోధనలు, 1969-72 మధ్య ఢిల్లీలో పుట్టినవారిపై 2004లో వచ్చిన ఫలితాలు కూడా సూచించాయి.

5. మైసూరు మిషన్ ఆసుపత్రి

ఇంగ్లండు ఫలితాలు భారతదేశానికి వర్తిస్తాయా? ఈ ప్రశ్నకు జవాబు మైసూరులోని హోల్డ్స్‌వర్త్ స్మారక ఆసుపత్రిలో దొరికింది. స్థానికులు మిషన్ ఆసుపత్రిగా పిలిచే ఈ సంస్థలో 1934 నుంచి కాన్పుల దస్తరాలు భద్రంగా ఉన్నాయి. వాటిలో శిశువు బరువు, పొడవు, తల చుట్టుకొలతతో పాటు తల్లి బరువు కూడా నమోదైంది. హెర్ట్‌ఫర్డ్‌షైర్ దస్తరాలలో లేనిది ఇదే.

1934-1954 మధ్య అక్కడ పుట్టి, ఆ ప్రాంతంలోనే నివసిస్తున్న 517 మంది స్త్రీపురుషులను పరీక్షించిన ఫలితాలు 1996లో వచ్చాయి. రెండున్నర కిలోలు, అంతకంటే తక్కువ బరువుతో పుట్టినవారిలో 11 శాతం మందికి గుండెజబ్బు ఉండగా, 3.1 కిలోలు దాటినవారిలో 3 శాతం మందికే ఉంది. తాము తక్కువ బరువుతో పుట్టడమే కాక, గర్భిణిగా తల్లి బరువు కూడా వంద పౌన్ల (సుమారు 45 కిలోల) లోపు ఉన్నవారిలో అది 20 శాతానికి చేరింది. బిడ్డ అంకె పక్కన తల్లి అంకెను పెట్టి చూడగానే చిత్రం మరింత స్పష్టమైంది.

మధుమేహం విషయంలో మైసూరు వేరే కథ చెప్పింది. 1998లో వెలువడిన ఫలితాల ప్రకారం, అక్కడ మధుమేహం వచ్చినవారు పుట్టినప్పుడు పొడవు తక్కువగా ఉండి ఒళ్లు చేసినవారు. వారి తల్లులు బరువైనవారు. తల్లికి గర్భధారణలో చక్కెర పెరిగి ఉండటం దీనికి కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. "చిన్న బిడ్డకే ముప్పు" అన్న సరళ సూత్రం ఇక్కడ నిలబడలేదు. లేమి ఒక దారి, మితిమీరిన చక్కెర మరొక దారి. ఒకే సమాజంలో రెండూ పక్కపక్కనే ఉండగలవు.

6. నవజాత శిశువులోనే కనిపించిన ఆనవాళ్లు

మైసూరు దాకా జరిగిన పరిశోధనలన్నీ వెనుదిరిగి చూసినవే. పెద్దవారి రోగం నుంచి పసితనపు అంకె దగ్గరకు నడిచినవే. ముప్పు పుట్టుకతోనే ఉంటే, పుట్టిన నాడే దాని ఆనవాలు కనిపించాలి కదా? పుణెలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఈ ప్రశ్నను చేపట్టింది. 1993 నుంచి పుణె సమీపంలోని ఆరు గ్రామాలలో, గర్భం దాల్చకముందు నుంచే స్త్రీలను గమనిస్తూ వచ్చారు.

ఆ గ్రామాల శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. అయితే తేడా దేహమంతటా ఒకేలా లేదు. పొట్ట, చేతి చుట్టుకొలతలు బాగా తగ్గాయి. వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు నిలిచి ఉంది. అంటే కండరాలూ, కాలేయం వంటి అవయవాలూ కుదించుకుపోయినా కొవ్వు తగ్గలేదు. చూడటానికి బక్క, లోపల కొవ్వు. 2003లో ప్రచురితమైన ఈ అధ్యయనం భారతీయ శిశువును "బక్క-కొవ్వు శిశువు" అన్న అర్థం వచ్చే పేరుతో వర్ణించింది. అంతకు ఏడాది ముందు పుణె, లండన్ శిశువుల బొడ్డుతాడు రక్తాన్ని పోల్చినప్పుడు, పుణె శిశువులలో వారి బరువుకు మించిన ఇన్సులిన్ కనిపించింది. తల్లి ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు చేరదు కాబట్టి, అది ఆ శిశువు సొంత దేహం తయారుచేసుకున్నదే.

ఇతర చోట్ల రక్తనాళాలలోనూ ఆనవాళ్లు దొరికాయి. గర్భంలో ఎదుగుదల కుంటుపడిన నవజాత శిశువులలో బృహద్ధమని గోడ లోపలి పొరలు, దేహ పరిమాణంతో పోల్చితే, మందంగా ఉన్నాయని 2005లో సిడ్నీ పరిశోధకులు అల్ట్రాసౌండ్ ద్వారా చూపారు. ధమనులకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ అనే పదార్థం ఎక్కువగా గర్భస్థ దశ చివరి భాగంలోనూ, శైశవంలోనూ ఏర్పడుతుంది. అప్పుడు తగ్గితే ధమని త్వరగా బిరుసెక్కవచ్చని 1997లో ఒక ప్రతిపాదన వచ్చింది. మూత్రపిండంలోని వడపోత భాగాలు కూడా పుట్టుకకు ముందే ఏర్పడతాయి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తరువాత కొత్తవి రావు. అవి తక్కువైతే రక్తపోటు పెరగవచ్చని 1988లో బ్రెన్నర్ బృందం సూచించింది. తక్కువ బరువుతో పుట్టి కొద్దిరోజులకే మరణించిన శిశువుల మూత్రపిండాలలో అవి నిజంగానే తక్కువగా ఉన్నాయని 2000లో హవానా పరిశోధకులు గుర్తించారు.

ఈ ఆనవాళ్లు వ్యాధులు కావు. మందమైన ధమని గోడతో పుట్టిన ప్రతి బిడ్డకూ గుండెపోటు వస్తుందని ఎవరూ అనలేదు. అయితే నడివయసు అలవాట్లు మొదలవడానికి దశాబ్దాల ముందే దేహాల మధ్య తేడాలు ఉన్నాయని ఇవి నిరూపించాయి.

7. హైదరాబాదు: దిద్దుబాటుకు వీలుందా?

గర్భిణికి తిండి పెడితే బిడ్డ గుండె బాగుపడుతుందా? ఈ ప్రశ్నకు అరుదైన ఆధారం హైదరాబాదు పరిసర గ్రామాల నుంచి వచ్చింది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న పరిశోధనాలయం ఇందుకు వేదిక. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో అంచెలంచెలుగా విస్తరించింది. పథకం చేరిన గ్రామాలను, ఇంకా చేరవలసిన గ్రామాలతో పోల్చే అవకాశం అలా కలిగింది. 1987-90 మధ్య 15 గ్రామాలలో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ అదనపు ఆహారం అందింది. 14 గ్రామాలలో అందలేదు.

ఆ పిల్లలు 13-18 ఏళ్ల వయసుకు వచ్చాక 1165 మందిని పరీక్షించారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఇన్సులిన్‌కు దేహం లొంగకపోవడాన్ని కొలిచే సూచిక 20 శాతం తక్కువగా, ధమనుల బిరుసుతనాన్ని తెలిపే సూచిక 3.3 శాతం తక్కువగా ఉన్నాయి. రక్తపోటులో, రక్తంలోని కొవ్వుల్లో మాత్రం తేడా లేదు. గ్రామాలను చీటీ వేసి ఎంపిక చేయలేదు కాబట్టి ఇది తిరుగులేని రుజువు కాదు. ఆహారం గర్భంలో పనిచేసిందా, బాల్యంలో పనిచేసిందా అన్నదీ విడదీసి చెప్పలేం. అయినా ఒక సామాన్య ప్రభుత్వ పథకం తాలూకు మేలు పదిహేనేళ్ల తరువాత ధమనులలో కనిపించడం గమనార్హం. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణులకు పాలు, గుడ్డుతో ఒక పూట సంపూర్ణ భోజనం పెట్టడాన్ని ఈ చరిత్ర నేపథ్యంలో చూడాలి.

8. విమర్శలు

ఈ భావనకు మొదటి నుంచీ విమర్శకులున్నారు. తక్కువ బరువుతో పుట్టినవారు సాధారణంగా పేద కుటుంబాల వారే కాబట్టి, జీవితాంతం వెంటాడే పేదరికమే కారణం కాకూడదా అని అడిగారు. పాత దస్తరాలలో పేరుండి, ఇప్పటికీ అదే ఊళ్లో ఉన్నవారిని మాత్రమే పరీక్షించడం వల్ల ఫలితాలు పక్కదారి పట్టవచ్చన్నారు. ఇన్సులిన్‌ను ప్రభావితం చేసే జన్యువులే ఇటు బరువును తగ్గించి, అటు మధుమేహాన్ని తెస్తాయని 1999లో హాటర్స్‌లీ, టూక్ వాదించారు. 2002లో హక్స్‌లీ బృందం జనన బరువు, రక్తపోటు అధ్యయనాలను క్రోడీకరించింది. వెయ్యిమంది లోపు ఉన్న అధ్యయనాలలో కిలో బరువు పెరిగితే రక్తపోటు 1.9 మిల్లీమీటర్లు తగ్గగా, మూడువేల మంది పైబడిన అధ్యయనాలలో ఆ తగ్గుదల 0.6 మాత్రమే. చిన్న అధ్యయనాలు సంబంధాన్ని పెద్దది చేసి చూపాయన్నమాట.

ఈ విమర్శలు భావనను కూల్చలేదు గాని, దాని కొలతను తగ్గించాయి. మరింత జాగ్రత్తగా మాట్లాడటం నేర్పాయి.

9. అంకె వెనుక స్త్రీ

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను ఈ చరిత్రకు అన్వయించడం తేలిక. కానీ అందులో రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, పుట్టుకతోనే అంతా రాసిపెట్టి ఉందన్న నిరాశ. హెల్సింకి, ఢిల్లీ, హైదరాబాదు ఆధారాలు దీనికి విరుద్ధంగా ఉన్నాయి. బాల్యమూ, తరువాతి జీవనమూ ముప్పును పెంచగలవు, తగ్గించగలవు. రెండవది మరింత తీవ్రమైనది: గర్భిణి సరిగా తినలేదు కాబట్టి బిడ్డకు రోగం వచ్చిందని తల్లిని నిందించడం.

శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి, 1996లో మరో ఇద్దరితో కలిసి "ఆసియా చిక్కుముడి" అనదగిన వ్యాసం రాశారు. ఆఫ్రికా కంటే దక్షిణాసియాలో పిల్లల పోషణలోపం ఎందుకు ఎక్కువన్నది అందులోని ప్రశ్న. తక్కువ బరువుతో పుట్టడమూ, దాని వెనుక స్త్రీల హీనస్థితీ ముఖ్య కారణాలని వారి జవాబు. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు, ఎదుగుదల పూర్తికాని వయసులో పెళ్లి, రక్తహీనత, నెలలు నిండినా ఆగని చాకిరీ — ఇవేవీ ఆమె ఎంచుకున్నవి కావు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని గర్భిణికి తిండి తగ్గించే నమ్మకం కూడా దక్షిణ భారతంలో పలుచోట్ల నమోదైంది. ప్రసవంలో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న కాలంలో ఆ భయానికి అర్థముంది.

ముంబయి మురికివాడలలో 2006-12 మధ్య జరిగిన ప్రయోగం ఈ సందర్భంలో ఆలోచించదగినది. ఆకుకూరలు, పండ్లు, పాలతో చేసిన చిరుతిండిని స్త్రీలకు గర్భానికి ముందు నుంచే ఇచ్చారు. మొత్తం మీద శిశువుల బరువులో స్పష్టమైన పెరుగుదల లేదు. గర్భానికి కనీసం మూడు నెలల ముందు నుంచి తిన్నవారి శిశువులలో మాత్రం సగటున 48 గ్రాముల పెరుగుదల కనిపించింది. గర్భం నిర్ధారణ అయ్యాక మొదలుపెట్టే సాయం ఆలస్యమే అవుతుందన్నది దీని సారాంశం. బిడ్డ గుండె కోసం చేయవలసిన పని ఆ బిడ్డ తల్లి ఇంకా బడికి వెళ్లే పిల్లగా ఉన్నప్పుడే మొదలు కావాలి.

10. ముగింపు

జనన బరువు అన్న అంకె చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటి దశలో అది ప్రాణం నిలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు. రెండవ దశలో, హెర్ట్‌ఫర్డ్‌షైర్ తరువాత, రాబోయే రోగానికి ముందస్తు సూచన. మూడవ దశలో, మైసూరు, పుణె, హైదరాబాదు పరిశోధనల తరువాత, అది తల్లి గతానికి సాక్ష్యం. ఒకే బరువున్న ఇద్దరు శిశువుల దేహ నిర్మాణం వేరు కావచ్చని పుణె చూపింది. మామూలు బరువు వెనుక కూడా ఆకలి దాగి ఉండవచ్చని హాలండు చూపింది. కాబట్టి సగటు బరువును కొన్ని గ్రాములు పెంచడమే లక్ష్యంగా పెట్టుకున్న విధానం అసలు సమస్యను అందుకోలేదు.

ఈ జ్ఞానమంతా మంత్రసానులూ, నర్సులూ రోజువారీ పనిలో భాగంగా ఓపికగా రాసిన దస్తరాల మీద నిలిచి ఉంది. మన ప్రాంతీయ ఆసుపత్రుల కాన్పుల రిజిస్టర్లను పాత కాగితాలుగా పారవేయకుండా భద్రపరచడం చరిత్రకారులకూ, వైద్యులకూ ఉమ్మడి బాధ్యత. వాటిలో శిశువు బరువు పక్కన తల్లి బరువు, వయసు, ఎత్తు కూడా ఉంటే, ఆ పుటలు రేపటి పరిశోధకులకు ఒక తరం స్త్రీల జీవన పరిస్థితులను తెలియజేయగలవు.